ఇసుక నింపిన నాలుగో స్టేజ్

1956 సెప్టెంబర్ 20న ఫ్లోరిడా తీరంలోని కేప్ కెనావరల్ నుంచి జూపిటర్-సి అనే అమెరికన్ ఆర్మీ రాకెట్ లేచింది. దాదాపు 1,100 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కి, 5,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అట్లాంటిక్‌లో పడిపోయింది. పడకుండా భూమి చుట్టూ తిరగాలంటే దానికి ఇంకొంచెం వేగం కావాలి, అంతే. ఆ వేగాన్నివ్వాల్సిన చిన్న మోటారు, అంటే నాలుగో స్టేజ్, రాకెట్ కొసన ఉండనే ఉంది గానీ అందులో ఇంధనం లేదు, ఇసుక నింపారు. పొరపాటున కూడా ఏదీ కక్ష్యలోకి వెళ్లిపోకూడదని పెంటగాన్ ఆదేశం. నాలుగో స్టేజ్ ఉత్తుత్తిదేనని స్వయంగా చూసి ఖాయం చేయమని రాకెట్ తయారుచేసిన వెర్నర్ వాన్ బ్రౌన్‌కే డ్యూటీ వేశారు.

రష్యా పంపిన తొలి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగరడానికి అప్పటికింకా ఏడాది పైనే టైముంది.

స్పేస్ రేస్ మొదలు గురించి మామూలుగా వినిపించే కథ ఏంటంటే, రష్యా సైన్సులో దూసుకెళ్లిపోయిందని, అమెరికా నిద్రపోయిందని. ఈ ఇసుక సంగతి తెలిశాక ఆ కథ నిలబడటం కష్టం. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, చేతిలో ఉన్న రాకెట్‌ను పక్కనపెట్టి అమెరికా ఇంకో కొత్త రాకెట్ తయారుచేస్తూ కూర్చుంది. అటువైపు రష్యన్లేమో ఎంతో గొప్పగా ప్లాన్ చేసుకున్న ఉపగ్రహం టైముకు తయారుకాక, నెలల వ్యవధిలో ఒక సాదా బంతి చేసి పైకి పంపారు. 1957, 58లలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తేల్చింది తెలివితేటలకన్నా ఏ రాకెట్‌ని ఏ పనికి కేటాయించారన్న నిర్ణయాలే.

అసలు పోటీ మొదలైంది సైన్సు పేరుతోనే. 1957 జులై 1 నుంచి 1958 డిసెంబర్ 31 దాకా అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం జరపాలని ప్రపంచంలోని శాస్త్రవేత్తలంతా నిర్ణయించుకున్నారు. సంవత్సరం అని పేరేగానీ ఏడాదిన్నర. ఆ లోపల ఉపగ్రహం ప్రయోగిస్తామని 1955 జులై 29న వైట్‌హౌస్ ప్రకటించింది. నాలుగు రోజులకి, ఆగస్టు 2న, కోపెన్‌హాగెన్ సదస్సుకు వచ్చిన సోవియట్ శాస్త్రవేత్త లియొనీద్ సెదోవ్ మేమూ పంపుతామన్నాడు. ఆ మాటని అమెరికాలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

అమెరికా ముందు అప్పుడు మూడు దార్లున్నాయి. ఆర్మీ దగ్గర వాన్ బ్రౌన్ బృందం రెడ్‌స్టోన్ క్షిపణి మీద చిన్న రాకెట్లు పేర్చి పంపుతామంది. నేవీ పరిశోధనా ప్రయోగశాల వైకింగ్ అనే పరిశోధన రాకెట్ ఆధారంగా వాన్‌గార్డ్ అనే కొత్తది కడతామంది. ఎయిర్‌ఫోర్స్ తమ అట్లాస్ క్షిపణిని చూపించింది, కానీ అదప్పటికింకా గాల్లోకి లేవనే లేదు. వీటిలో ఒకటి ఎంచడానికి వేసిన కమిటీ 1955 ఆగస్టులో నేవీ వైపు మొగ్గింది. బయటికి చెప్పిన కారణాలు న్యాయమైనవే: వాన్‌గార్డ్‌లో పరికరాలకు చోటుంది, ఉపగ్రహాన్ని రేడియోతో వెంటాడే మినీట్రాక్ ఏర్పాటు బాగుంది, పైగా క్షిపణుల పనికి అడ్డం రాదు. వాన్ బ్రౌన్ యుద్ధకాలంలో హిట్లర్ జర్మనీకి వీ-2 రాకెట్లు చేసిపెట్టిన మనిషి, అవి తయారైంది బందీల వెట్టిచాకిరీతో. ఆ సంగతి కమిటీలో ఎంత బరువు తూగిందో ఎవరికి వారు అంచనా వేసుకోవచ్చు.

వీటన్నిటి వెనక ఇంకో లెక్కుంది, అది అప్పట్లో రహస్యం. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి నిజంగా కావలసింది రష్యా మీద నిఘా ఉపగ్రహం. ఒక దేశం మీదుగా దాని అనుమతి లేకుండా విమానం ఎగిరితే కూల్చేయొచ్చు, మరి ఉపగ్రహం ఎగిరితే? ఆకాశం ఎక్కడిదాకా ఒక దేశానిది, ఎక్కడినుంచి అందరిదీ? చట్టం లేదు, ఆనవాయితీ కూడా లేదు. కాబట్టి ముందు శాంతియుతమైన, సైన్సు ముద్ర వేసుకున్న చిన్న ఉపగ్రహం ఒకటి అన్ని దేశాల మీదుగా తిరిగితే, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే, తర్వాత నిఘా ఉపగ్రహాలకు దారి సుగమం అవుతుంది. ఈ ఆలోచనని 1955 మే నెలలోనే జాతీయ భద్రతా మండలి పత్రంలో రాసుకున్నారు. ఆ పనికి క్షిపణి వాసన రాని రాకెట్టే నయం. జూపిటర్-సి ఎంత బాగా ఎగిరినా, అది వార్‌హెడ్ (క్షిపణి కొసన బాంబు ఉండే భాగం) ముక్కులు వాతావరణంలోకి తిరిగొచ్చేటప్పుడు కాలిపోకుండా పరీక్షించడానికి పుట్టిన రాకెట్. ఇసుక కథ వెనకున్నది ఇదే.

ఇక రష్యా వైపు చూస్తే, వాళ్ల బలం ఓ రకంగా బలహీనతలోంచి పుట్టింది. సోవియట్ అణ్వస్త్రాలు అప్పటికి బాగా బరువైనవి. అమెరికన్లు తమ బాంబుల్ని చిన్నవి చేయగలిగారు కాబట్టి రాకెట్లూ చిన్నవి చాలాయి. రష్యన్లకు ఐదు టన్నులకు పైబడిన వార్‌హెడ్‌ని ఖండాలు దాటించే రాకెట్ కావలసి వచ్చింది. సెర్గేయ్ కొరల్యోవ్ రూపకల్పన చేసిన ఆర్-7 అలా పుట్టింది: మధ్యలో ఒక పొడవాటి బ్లాక్, దాని నడుం చుట్టూ నాలుగు, ఒక్కోదానికి నాలుగేసి చొప్పున మొత్తం ఇరవై ప్రధాన దహన గదులు, నేల మీదుండగానే అన్నీ ఒకేసారి వెలగాలి. అన్ని టన్నుల బాంబుని మోసేదానికి ఉపగ్రహం ఒక లెక్కా.

లెక్కలో తేలికే, చేతల్లో చుక్కలు చూపించింది. కజక్‌స్థాన్‌లోని త్యూరాతామ్ ఎడారిలో, తర్వాత బైకనూర్‌గా పేరొచ్చిన చోట, 1957 మే 15న మొదటి ఆర్-7 ఎగిరి వంద సెకన్లలోపే పాడైంది. జూన్‌లో రెండోది ప్యాడ్ మీదే మొరాయించింది, విప్పి చూస్తే ఒక వాల్వు తిరగేసి బిగించారు. జులై 12న మూడోది 33 సెకన్లకే గిర్రున తిరిగి విడిపోయింది. ఆగస్టు 21న గానీ రష్యా తూర్పు కొసనున్న కంచట్కా దాకా చేరలేదు, అప్పుడు కూడా డమ్మీ వార్‌హెడ్ వాతావరణంలోకి దిగుతూ ముక్కలైపోయింది. ఈ విషయాలేవీ అప్పట్లో బయటికి రాలేదు, ఖండాంతర క్షిపణి విజయవంతం అని మాత్రం టాస్ వార్తాసంస్థ చాటింది.

వార్‌హెడ్ ముక్కు మళ్లీ డిజైన్ చేసేదాకా క్షిపణి పరీక్షలకి కొంత విరామం తప్పదు, రాకెట్ మాత్రం ఎగురుతోంది. కొరల్యోవ్‌కి ఉపగ్రహం పంపడానికి సందు దొరికింది అక్కడే. ఆయన మొదట పంపాలనుకున్నది ఆబ్జెక్ట్-డి అనే టన్నుకి పైగా బరువున్న ప్రయోగశాల. పరికరాలు చేయాల్సిన సంస్థలు ఆలస్యం చేశాయి, ఇంజన్లు కూడా అనుకున్నంత సామర్థ్యం చూపలేదు. అమెరికన్లు ఎప్పుడు పంపేస్తారోనన్న టెన్షన్ ఒకవైపు. అప్పుడు ఆయన సహచరుడు మిఖాయిల్ తిఖన్రావోవ్ ఇచ్చిన సలహా మేరకు దాన్ని పక్కనపెట్టి, పీఎస్-1 అనే అతి మామూలు ఉపగ్రహానికి 1957 ఫిబ్రవరిలో ప్రభుత్వ అనుమతి తెచ్చుకున్నారు. స్పుత్నిక్ అని మనకు తెలిసింది అదే.

దాన్ని దగ్గరగా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 58 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న అల్యూమినియం మిశ్రమలోహపు గోళం, రెండు అర్ధగోళాలు కలిపి 36 బోల్టులతో బిగించారు. లోపల నైట్రోజన్ నింపారు, వేడి సమంగా పరుచుకోవడానికి ఒక చిన్న ఫ్యాన్ పెట్టారు. మొత్తం బరువు 83.6 కిలోలు, అందులో 51 కిలోలు బ్యాటరీలకే పోయాయి. మిగిలింది ఒక వాట్ రేడియో, నాలుగు యాంటెనాలు. వేరే సైన్సు పరికరమంటూ ఏదీ లేదు, లోపలి వేడి, పీడనం తేడా వస్తే బీప్ నిడివి మారుతుంది, అంతే. గోళాన్ని అద్దంలా పాలిష్ చేయాలని కొరల్యోవ్ పట్టుబట్టాడు. వేడి అదుపులో ఉండటానికి అది అవసరమే, అయితే ఈ బంతి ఏదో ఒక రోజు మ్యూజియంలో ఉండాల్సిందన్న ఆలోచన కూడా ఆయనకు ఉండేదంటారు.

అన్నిటికన్నా పదునైన నిర్ణయం రేడియో పౌనఃపున్యం. భూభౌతిక సంవత్సరం ఒప్పందంలో ఉపగ్రహాలకు 108 మెగాహెర్ట్జ్ అనుకున్నారు, అమెరికన్ల మినీట్రాక్ స్టేషన్లన్నీ దానికే ట్యూన్ చేసి ఉన్నాయి. స్పుత్నిక్ మాత్రం 20.005, 40.002 మెగాహెర్ట్జ్‌ల మీద కూసింది. ఇళ్లల్లో షార్ట్‌వేవ్ రేడియో పెట్టుకున్న ఔత్సాహికులెవరికైనా 20 మెగాహెర్ట్జ్ దొరుకుతుంది. రష్యా చెబితే నమ్మకపోవచ్చు, సొంత రేడియోలో బీప్ వినిపిస్తే నమ్మక ఏం చేస్తారు? మినీట్రాక్ వాళ్లు మాత్రం హడావుడిగా యాంటెనాలు మార్చుకోవాల్సి వచ్చింది.

1957 అక్టోబర్ 4, మాస్కో టైములో రాత్రి 10:28. మనకైతే అప్పటికే అయిదో తేదీ, అర్ధరాత్రి దాటి ఒంటిగంట కావస్తోంది. రాకెట్ లేచింది గానీ ఆ లేవడం కూడా బొటాబొటీనే. పక్క బ్లాకుల్లో ఒకదాని ఇంజన్ ఒత్తిడి అందుకోవడంలో వెనకబడింది, ఇంకొక్క సెకను జాగైతే ఆటోమేటిక్ వ్యవస్థ ప్రయోగాన్ని ఆపేసేది. పైకెళ్లాక ఇంధనం సర్దే పరికరం పనిచేయక, ప్రధాన ఇంజన్ ఒక సెకను ముందే ఆగిపోయింది. ఫలితంగా కక్ష్య అనుకున్నదానికన్నా తగ్గింది, అయినా కక్ష్య కక్ష్యే. ఉపగ్రహం భూమిని ఒక చుట్టు చుట్టి మళ్లీ తలమీదికి వచ్చి కూసేదాకా ఆగి, ఆ తర్వాతే కొరల్యోవ్ పైవాళ్లకు ఫోన్ చేశాడు.

జనం తెల్లవారుజామున మెడలెత్తి చూసింది చాలావరకు స్పుత్నిక్‌ని కాదు. అంత చిన్న బంతి కంటికి ఆనడం కష్టం. దాని వెనకే తిరుగుతున్న రాకెట్ ఖాళీ డొక్కు, ఆ ప్రధాన బ్లాకే, నక్షత్రంలా మెరుస్తూ పోయేది. ఇలాంటి వాటిని ఫొటోలు తీయడానికి అమెరికన్లు ప్రపంచంలో పన్నెండు చోట్ల బేకర్-నన్ కెమెరాలు పెట్టారు, వాటిలో ఒకటి మన నైనితాల్‌కే వచ్చింది.

ఆ సాయంత్రం వాషింగ్టన్‌లో ఓ చిత్రం జరిగింది. భూభౌతిక సంవత్సరం శాస్త్రవేత్తలకు సోవియట్ ఎంబసీలోనే విందు. పైన ఉపగ్రహం తిరుగుతోందన్న వార్త అక్కడికి చేరింది ఒక పత్రికా విలేకరి ద్వారా. దాన్ని అందరికీ వినిపించి రష్యన్లని అభినందించింది అమెరికన్ శాస్త్రవేత్త లాయిడ్ బెర్క్‌నరే. సరిగ్గా అదే సాయంత్రం అలబామాలోని హంట్స్‌విల్‌లో, కాబోయే రక్షణ మంత్రి నీల్ మెకెల్‌రాయ్ ఆర్మీ వాళ్ల ఆతిథ్యంలో ఉన్నాడు. వాన్ బ్రౌన్‌కి ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది, అరవై రోజుల్లో ఉపగ్రహం పెడతామని మంత్రిగారి వెంటపడ్డాడు. వాన్ బ్రౌన్ పైఅధికారి జనరల్ మెడారిస్ మధ్యలో అందుకుని తొంభై రోజులు అన్నాడు. అధికారులు గడువులు అడిగేది ఇలాంటప్పుడే కదా, ఒక నెల చేతిలో ఉంచుకోవడం మంచిదే.

ఐసెన్‌హోవర్ బయటికి తొణక్కుండా ఉన్నాడని అప్పట్లో పత్రికలు దుమ్మెత్తిపోశాయి. నిజానికి నాలుగు రోజుల తర్వాత జరిగిన సమావేశంలో రక్షణశాఖ ఉపమంత్రి డొనాల్డ్ క్వార్ల్స్ ఆయనకు చెప్పింది ఏంటంటే, అంతరిక్షం అందరిదీ అన్న సూత్రాన్ని రష్యన్లే తెలియకుండా మనకు స్థిరపరిచిపెట్టారని. స్పుత్నిక్ అమెరికా మీదుగా పదేపదే ఎగిరింది, ఎవరి అనుమతీ అడగలేదు. ఇక అమెరికన్ నిఘా ఉపగ్రహం రష్యా మీద ఎగిరితే వాళ్లు ఏమని గొడవ చేస్తారు? 1960 ఆగస్టులో తొలి గూఢచారి ఉపగ్రహం ఫిల్ము కిందికి దించినప్పుడు ఆ సౌకర్యం పూర్తిగా ఉపయోగపడింది. ఈ సంగతి వీధిలో చెప్పుకునేది కాదు కాబట్టి పరువు పోయినట్టు కనబడింది, లాభం మాత్రం గుట్టుగా మిగిలింది.

పరువు ఇంకా పోవాల్సి ఉంది. నవంబర్ 3న రెండో స్పుత్నిక్, 508 కిలోలు, లోపల లైకా అనే కుక్క. రష్యా విప్లవం నలభయ్యో వార్షికోత్సవానికి ఏదైనా కావాలని సోవియట్ అధినేత క్రుశ్చేవ్ అడిగితే నెలలోపు హడావుడిగా కట్టారు, దాన్ని వెనక్కి తెచ్చే ఏర్పాటే లేదు. చాలా రోజులు బతికిందని అప్పట్లో చెప్పుకున్నారు గానీ, వేడికి కొన్ని గంటల్లోనే చనిపోయిందని రష్యన్ శాస్త్రవేత్తే 2002లో బయటపెట్టాడు.

అప్పుడొచ్చింది వాన్‌గార్డ్ టీవీ-3. టీవీ అంటే టెస్ట్ వెహికల్. మూడు స్టేజ్‌లూ నిజంగా మండేలా పెట్టి చేస్తున్న మొదటి పరీక్ష అది, ఇంజనీర్ల దృష్టిలో పేలిపోయినా పాఠమే. కానీ స్పుత్నిక్ దెబ్బకి కంగారుపడి, డిసెంబర్‌లో వాన్‌గార్డ్ ఉపగ్రహాన్ని మోసుకెళ్తుందని వైట్‌హౌస్ ముందే చెప్పేసింది. దాంతో పరీక్ష కాస్తా పండగైపోయింది, దేశమంతటి నుంచీ విలేకరులు కెమెరాలతో దిగారు. డిసెంబర్ 6 మధ్యాహ్నం కాకముందే రాకెట్ కదిలింది. మీటరు పైచిలుకు లేచింది, రెండు సెకన్లు, తర్వాత శక్తి చచ్చిపోయి వచ్చిన చోటికే చతికిలబడి నిలువునా మంటల్లో కూలింది. ముక్కు విరిగి, కిలోన్నర బరువున్న ఉపగ్రహం పక్కకు దొర్లిపడి, యాంటెనాలు వంకరపోయినా, తాను కక్ష్యలో ఉన్నాననుకుని బుద్ధిగా సిగ్నల్ పంపుతూనే ఉంది. పత్రికలు ఫ్లాప్‌నిక్ అన్నాయి, కపుట్‌నిక్ అన్నాయి. సొట్టలు పడిన ఆ బంతి ఇప్పటికీ వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది.

రష్యా రాకెట్లు ఇంతకన్నా ఎక్కువ మంటలే చూశాయి, 1958 చివర్లో వరసగా మూడు చంద్ర ప్రయోగాలు చెడిపోయాయి. వాళ్లు గెలిచాక చెప్పేవారు, అమెరికన్లు టీవీ కెమెరాల ముందు ఓడేవారు. తేడా అక్కడుంది.

చివరికి ఆర్మీకి నవంబర్ 8న అనుమతి దొరికింది. 1958 జనవరి 31 రాత్రి 10:48కి జూపిటర్-సి మళ్లీ లేచింది, ఈసారి నాలుగో స్టేజ్‌లో ఇంధనంతో. 84 రోజులు, మెడారిస్ మాట నిలబడింది. ఆ రాకెట్ ఒక విచిత్రమైన బొమ్మ: కింద పొడిగించిన రెడ్‌స్టోన్, దాని తలమీద తొట్టిలాంటి డబ్బా, అందులో పదకొండు చిన్న ఘన ఇంధన మోటార్లు, వాటి మధ్య మూడు, వాటిపైన ఒకటి. ఆ తొట్టిని నిమిషానికి వందల చుట్లు తిప్పుతూ వదిలారు, బొంగరంలా తిరిగితేనే దిశ తప్పదు. రాకెట్ శిఖరానికి చేరే క్షణం లెక్కగట్టి కింద నేలమీద ఎర్న్‌స్ట్ స్టూలింగర్ అనే ఇంజనీర్ బటన్ నొక్కితే పై మోటార్లు వెలగాలి. మొత్తం దేశం పరువు ఒక మనిషి వేలిమీద ఆధారపడింది.

కాలిఫోర్నియాలో సిగ్నల్ అందాల్సిన టైము దాటిపోయింది. పెంటగాన్‌లో కూర్చున్నవాళ్లకి ఒక్కో నిమిషం ఒక్కో యుగం. ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వినిపించింది, ఎందుకంటే కక్ష్య అనుకున్నదానికన్నా పెద్దది, గరిష్ఠంగా 2,550 కిలోమీటర్లు, చుట్టి రావడానికి ఎక్కువ టైము పట్టింది. అలా కక్ష్యలోకెళ్లిన అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1, బరువు మొత్తం 14 కిలోలు. అది కూడా చెప్పినమాట వినలేదు. పెన్సిల్‌లా తన పొడవు అక్షం చుట్టూ తిరగాల్సింది కాస్తా, వేలాడే యాంటెనాలు ఊగి శక్తిని తినేయడంతో, కొద్దిసేపటికే కర్ర విసిరినట్టు అడ్డంగా పల్టీలు కొట్టింది. ఉపగ్రహాల కుదురు గురించి ఇంజనీర్లు నేర్చుకున్న తొలి గుణపాఠాల్లో ఇదొకటి.

వాన్‌గార్డ్ సంగతి కూడా చెప్పుకోవాలి. 1958 మార్చి 17న అది ఎట్టకేలకు సఫలమైంది. కిలోన్నర లోపు బంతి, దాన్ని క్రుశ్చేవ్ నారింజ జాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్ పండుతో పోల్చి వెక్కిరించాడు. నవ్విన నాపచేనే పండుతుందంటారుగా, సౌరఫలకాలతో నడిచిన మొదటి ఉపగ్రహం అదే, దాని రేడియో 1964 దాకా పలికింది, దాని కక్ష్యలో తేడాలు చూసే భూమి కొద్దిగా బేరిపండు ఆకారంలో ఉందని లెక్కగట్టారు. మొదటి స్పుత్నిక్ మూడు నెలలకే, 1958 జనవరి 4న కాలిపోయింది, వాన్‌గార్డ్-1 మూగగా ఇవాళ్టికీ పైన తిరుగుతోంది. అయితే ఆ రాకెట్‌తో పదకొండు సార్లు ప్రయత్నిస్తే మూడే నెగ్గాయి, కమిటీ ఎంపిక గొప్పదని దీన్నిబట్టి అనడానికి లేదు.

సైన్సు లెక్కలోకి వస్తే కిలోలు పెద్దగా పనికిరాలేదు. ఎక్స్‌ప్లోరర్-1లో అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ వాన్ అలెన్ బృందం రేడియేషన్ కణాల్ని లెక్కపెట్టే గీగర్ కౌంటర్ పెట్టింది. ఆయన ముందుచూపు ఏంటంటే, వాన్‌గార్డ్ కోసమని మొదలుపెట్టిన ఆ పరికరాన్ని జూపిటర్-సికి కూడా సరిపోయే కొలతల్లో చేయించాడు. కింద ఉన్నప్పుడు సెకనుకు ముప్పై దాకా లెక్కలొచ్చేవి, బాగా పైకెళ్తే ఒక్కసారిగా సున్నా. పరికరం పాడైందా? కౌంటర్ పాడవలేదు, భరించలేనంత రేడియేషన్ తగిలి నోరు మూతపడింది. అది తేలడానికి టేప్ రికార్డర్ కావాల్సి వచ్చింది, ఎందుకంటే కింద స్టేషన్ ఉన్నచోటే వింటే కక్ష్యలో చాలా భాగం వినపడదు. మార్చి 5న ఎక్స్‌ప్లోరర్-2 నాలుగో స్టేజ్ వెలగక పడిపోయింది. మార్చి 26న ఎక్స్‌ప్లోరర్-3 టేప్‌తో వెళ్లి కక్ష్య పొడవునా రికార్డు తెచ్చింది. భూమి చుట్టూ అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న రేడియేషన్ పట్టీలున్నాయని మే 1న వాన్ అలెన్ ప్రకటించాడు.

ఈ పట్టీల్లోంచి స్పుత్నిక్-2 కూడా కౌంటర్లతోనే వెళ్లింది. దాని కక్ష్యలో ఎత్తైన భాగం దక్షిణార్ధగోళం మీద పడింది, సోవియట్ భూభాగం మీదికొచ్చేసరికి తక్కువ ఎత్తులో ఉండేది, వినే స్టేషన్లేమో అక్కడే ఉన్నాయి. మే 15న ఆబ్జెక్ట్-డి, అంటే కొరల్యోవ్ మొదట పంపాలనుకున్న ఆ ప్రయోగశాల, స్పుత్నిక్-3 పేరుతో 1,327 కిలోల బరువుతో పైకెళ్లింది. రేడియేషన్ పట్టుకునే పరికరం, మరో డజను దాకా సాధనాలు, అన్నిటి లెక్కలూ దాచుకోవడానికి టేప్ రికార్డర్ కూడా ఉన్నాయి. టేప్ రికార్డర్ పనిచేయలేదు.